నోటి మాటపై అద్దె ఇల్లు... చిక్కుల్లో చిన్న యజమాని
భిలాయిలో విశ్రాంత కార్మికులకు అద్దె గదులే ఆసరా

భిలాయి: ఉక్కు కర్మాగారంలో ముప్పయి, ముప్పయి అయిదేళ్లు పనిచేసిన కార్మికుడికి ఇంటి అద్దె అన్న మాట నిజంగా ఎదురయ్యేది పదవీ విరమణ తరువాతనే. సర్వీసులో ఉన్నంత కాలం ఇల్లు, నీళ్లు, కరెంటు, ఆస్పత్రి అన్నీ టౌన్‌షిప్‌లోనే అమరి ఉంటాయి. కుళాయి చెడినా, కప్పు కారినా కార్యాలయంలో ఫిర్యాదు రాయిస్తే సరిపోతుంది. అటువంటి మనిషి ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుయిటీ సొమ్ముతో రిసాలిలోనో, స్మృతి నగర్‌లోనో, కోహ్కాలోనో చిన్న ఇల్లు కట్టుకొని, మేడమీద రెండు గదులు వేసి అద్దెకు ఇస్తాడు. ఆయనకు అద్దె ఇంట్లో ఉన్న అనుభవం లేదు. ఇల్లు అద్దెకు ఇచ్చిన అనుభవం అసలే లేదు. చిక్కులకు మొదలు ఇక్కడే.

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయి కర్మాగారం నిర్మించేందుకు 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ నిర్మాణ కాలం నుంచే ఉత్తరాంధ్ర జిల్లాల వారు విజయనగరం - రాయపూర్ రైలు మార్గం పట్టుకొని ఉపాధి కోసం ఇక్కడికి తరలివచ్చారు. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం, ఖుర్సీపార్ వీధుల్లో నేటికీ వినిపించే తెలుగు మాట ఆ వలసకు గుర్తులు. అప్పుడు వచ్చిన వారి మనుమలు ఇప్పుడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగాలు చేస్తున్నారు. తాతలు, తండ్రులు కట్టిన ఇళ్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి. ఆ ఇళ్లలోని అద్దె గదులు ఎందరో వృద్ధులకు నెలవారీ ఆదాయం.

ఈ ఆదాయం ఎంత ముఖ్యమో పింఛను లెక్క చూస్తే తెలుస్తుంది. ప్రభుత్వ ఉద్యోగికి వచ్చే పింఛనుకూ, ప్రభుత్వ రంగ సంస్థలోని కార్మికుడికి 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద వచ్చే మొత్తానికీ పొంతన లేదు. ఆ పథకం సూత్రం ప్రకారం పింఛనుకు లెక్కించే వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి, 70తో భాగిస్తారు. వేతన పరిమితి 2014 సెప్టెంబరు నుంచి 15,000 రూపాయలు. అంతకు పూర్వం 6,500 మాత్రమే. పెద్ద పరిమితి మీదనే లెక్కించినా 35 ఏళ్ల సర్వీసుకు నెలకు వచ్చేది 7,500 రూపాయలు. పాత పరిమితి కాలంలో విరమించిన వారికి వచ్చేది ఇంకా తక్కువ. అధిక వేతనంపై పింఛను విషయమై 2022 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, దాని ప్రయోజనం అందరికీ ఒకే తీరున దక్కేది కాదు. కనుక మేడమీది రెండు గదుల నుంచి నెలకు ఆరేడు వేలు వస్తే పింఛనుకు మరో పింఛను తోడైనట్లే. ఆ గదిలో చేరిన మనిషి ఆరు నెలలు అద్దె ఎగవేసి, ఖాళీ చేయనని మొండికేస్తే ఆ ఇంటి మందుల ఖర్చు, పాల ఖర్చు కూడా తలకిందులవుతాయి.

'మనవాళ్లే కదా' అన్న ధీమా

పరాయి రాష్ట్రంలో అరవై ఏళ్లుగా ఒకరికొకరు ఆసరాగా బతికిన సమాజంలో నోటి మాటకు విలువ ఎక్కువ. మందిరంలో పరిచయమైన కుర్రవాడు, షాపులో కలిసి పనిచేసిన వాడి మేనల్లుడు, పలాస నుంచో పార్వతీపురం నుంచో వచ్చిన కాంట్రాక్టు పనివాడు గది అడిగితే కాగితం రాయించుకోవడం మర్యాద కాదన్న భావన పెద్దలలో బలంగా పాతుకొని ఉన్నది. "మనవాళ్లే కదా, అగ్రిమెంటు ఎందుకు" అన్నది తరచుగా వినవచ్చే మాట. దీనికి మరో ముఖం కూడా ఉన్నది. మనవాళ్లు కాని వారికి ఇల్లు ఇవ్వడానికి వెనుకాడటం, వారు ఎంత నమ్మదగినవారైనా భాషనో, భోజనాన్నో సాకుగా చూపి తిప్పి పంపడం కూడా ఆ ఆలోచన ఫలితమే. నికరమైన ఉద్యోగం ఉన్న ఒడియా నర్సును కాదని, ఎక్కడ పనిచేస్తున్నదీ చెప్పలేని స్వజనుడికి గది ఇచ్చి తరువాత వగచడం తెలివి అనిపించుకోదు.

నిజానికి కాగితం రాసుకున్నంత మాత్రాన పరిచయం చెడదు. ఏ నెల వరకు అద్దె ముట్టింది, అడ్వాన్సు ఎంత, సున్నం ఎవరు వేయించాలి అన్న విషయాల్లో ఇద్దరి జ్ఞాపకాలు రెండు రకాలుగా ఉన్నప్పుడే పాత స్నేహాలు చెడుతున్నాయి. పెద్దాయన కాలం చేసిన తరువాత ఆయన నోటితో ఒప్పుకున్న షరతులు ఆయన భార్యకు తెలియవు. అద్దెదారు చెప్పిందే ప్రమాణమవుతుంది.

పైగా ఛత్తీస్‌గఢ్‌లో ఇది మర్యాదకు సంబంధించిన విషయంగా మాత్రమే మిగలలేదు. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా చాలా కాలం పాటు 1961 నాటి మధ్యప్రదేశ్ వసతి నియంత్రణ చట్టమే ఇక్కడ నడిచింది. దాని స్థానంలో ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం, 2011 వచ్చింది. అద్దె ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలని ఈ చట్టం స్పష్టంగా కోరుతున్నది. వివాదాల విచారణకు అద్దె నియంత్రణాధికారిని, ఆపైన రాయపూర్‌లో ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. ట్రిబ్యునల్ తీర్పుపై నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకొనే వీలును కూడా చట్టంలో చేర్చారు కానీ, రాష్ట్ర శాసనసభకు ఆ అధికారం లేదంటూ 2019 డిసెంబరులో సుప్రీంకోర్టే ఆ నిబంధనను కొట్టివేసింది. మేడమీది గది తగాదా ఢిల్లీ దాకా పోవాలని ఏ యజమానీ కోరుకోడు కనుక ఆ నిబంధన పోయినందుకు విచారించవలసిన అవసరం లేదు.

క్వార్టరు వేరు, సొంత ఇల్లు వేరు

భిలాయిలో అద్దె గురించి మాట్లాడే ముందు ఏ ఇల్లు ఎవరిదన్న సంగతి తేల్చుకోవలసి ఉంటుంది. సొంత స్థలంలో కట్టుకున్న ఇల్లు ఒక రకం. ఉద్యోగులకు, విశ్రాంత ఉద్యోగులకు 2000ల ఆరంభంలో కర్మాగార యాజమాన్యం దీర్ఘకాలిక లీజుపై ఇచ్చిన క్వార్టర్లు రెండవ రకం. ఉద్యోగ రీత్యా కేటాయించిన, లేదా విరమణ తరువాత కొంత కాలం లైసెన్సుపై ఉండనిచ్చిన క్వార్టర్లు మూడవ రకం. ఈ మూడవ రకంలో ఉన్నవారు ఇంటికి యజమానులు కారు. అటువంటి క్వార్టరులో ఒక గదిని గాని, ఔట్‌హౌస్‌ను గాని బయటివారికి అద్దెకు ఇవ్వడం కేటాయింపు షరతులకు విరుద్ధం.

ఇందులో నష్టపోయేది ఇద్దరూ. ప్రభుత్వ రంగ సంస్థ ఆస్తులకు 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం వర్తిస్తుంది. అనధికారికంగా ఉంటున్నవారిని ఎస్టేట్ అధికారి ఉత్తర్వుపై ఖాళీ చేయించవచ్చు, నష్టపరిహారం కూడా వసూలు చేయవచ్చు. అద్దె నియంత్రణ చట్టం రక్షణ అటువంటి అద్దెదారుకు దొరకదు. కేటాయింపు పొందిన ఉద్యోగికి రావలసిన విరమణ సొమ్ములోనే చిక్కు వచ్చి పడవచ్చు. నెలకు రెండు మూడు వేల అద్దె కోసం జీవితకాలపు కూడబెట్టును ఇరుకున పెట్టుకోవడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు.

లీజు ఇళ్ల వారు లీజు పత్రాన్ని బయటకు తీసి చదువుకోవాలి. ఇతరులకు అద్దెకు ఇవ్వవచ్చునా, ఇవ్వాలంటే ముందుగా అనుమతి కావాలా, అదనపు గది కట్టడానికి షరతులేమిటి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. పొరుగింటాయన ఇచ్చాడు కదా అన్నది సమాధానం కాజాలదు.

పదకొండు నెలల కాగితం

అద్దె ఒప్పందాలు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారన్నది చాలామందికి తెలియదు. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయించడం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరి. స్టాంపు ఖర్చు, కార్యాలయం చుట్టూ తిరిగే శ్రమ తప్పించుకొనేందుకు పదకొండు నెలల ఆనవాయితీ ఏర్పడింది. అందులో తప్పేమీ లేదు. తప్పు జరిగేది రెండు చోట్ల. మూడేళ్లకు ఒప్పందం రాసుకొని, రిజిస్టరు చేయించక, నోటరీ ముద్రతో సరిపెట్టుకోవడం మొదటిది. అటువంటి కాగితంలోని షరతులను సాక్ష్యంగా స్వీకరించడానికి న్యాయస్థానం నిరాకరించవచ్చు. పదకొండు నెలలు పూర్తయిన తరువాత కొత్త కాగితం రాయకుండా ఏళ్ల తరబడి కొనసాగించడం రెండవది. భిలాయిలోనే కాదు, తెలుగు పట్టణాలలోనూ ఈ రెండవ తప్పే అధికం.

ఒప్పందంలో ఏముండాలన్నది న్యాయవాది చెబుతాడు. అయితే బజారులో అమ్మే అచ్చు కాగితంలో ఉండనివి, ఈ ఊళ్లో తగాదాకు కారణమయ్యేవి కొన్ని ఉన్నాయి. మొదటిది కూలరు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 డిగ్రీల చేరువకు వెళ్లే ప్రాంతంలో ఎడారి కూలరు లేనిదే నిద్ర పట్టదు. కిటికీకి బిగించిన కూలరు నుంచి నాలుగు నెలలు నీరు కారితే గోడ ఉబ్బిపోతుంది. దాని స్టాండు ఎక్కడ బిగించాలి, గోడ చెడితే బాగుచేయించేది ఎవరు, వేసవిలో నీటి ట్యాంకు నుంచి రోజుకు ఎన్నిసార్లు పట్టుకోవచ్చు అన్న ముక్క ముందే రాసుకుంటే జూన్‌లో మాట పెరగదు.

రెండవది కరెంటు. ఒకే మీటరు కింద యజమాని, ఇద్దరు అద్దెదారులు ఉన్నప్పుడు వాడకమంతా ఒకే బిల్లులో చేరి పై శ్లాబు ధరకు పోతుంది. తక్కువ వాడిన వాడికి కూడా ఎక్కువ ధర పడుతుంది. యూనిట్‌కు ఇంత అని యజమాని నోటికి వచ్చిన ధర చెబితే అద్దెదారుకు అనుమానం, అద్దెలోనే కలిపేస్తే యజమానికి నష్టం. వీలైన చోట విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి పైభాగానికి వేరు కనెక్షన్ తీసుకోవడం ఉత్తమం. కాని పక్షంలో సబ్ మీటరు బిగించి, చేరిన రోజు రీడింగును ఒప్పందంలోనే రాసి, ఇద్దరూ సంతకాలు చేయాలి. ఫ్యాన్లు, గీజరు, ట్యూబులైట్లు, తలుపుల గడియలు ఎన్ని ఉన్నవో, ఏ స్థితిలో ఉన్నవో ఆ కాగితం వెనుకనే జాబితాగా రాయవచ్చు. సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసి అద్దెదారుకు కూడా పంపితే ఖాళీ చేసేనాడు అడ్వాన్సులో కోత గురించి వాదన ఉండదు.

అడ్వాన్సు విషయంలో కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమంత తాము చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా చిన్న యజమానికి అది మంచి కొలత. ఎక్కువ అడ్వాన్సు తీసుకొని ఖర్చు చేసేసి, తిరిగి ఇవ్వవలసిన నాడు కొత్త అద్దెదారు కోసం వెదుకుతూ పాతవాడిని ఆపే యజమానులు తమ బంధాలు తామే బిగించుకుంటున్నారు.

అద్దె ప్రతి నెలా బ్యాంకు ఖాతాలోకి గాని, యూపీఐ ద్వారా గాని వచ్చేటట్లు చూసుకోవడం వృద్ధులకు మొదట చికాకుగా ఉండవచ్చు. కానీ పాసుపుస్తకంలోని వరుస కంటె బలమైన సాక్ష్యం వేరొకటి లేదు. నగదుగా ఇచ్చే వారికి నెల పేరు రాసి రసీదు ఇవ్వాలి, ప్రతిపై అద్దెదారు సంతకం తీసుకోవాలి. అద్దెదారు గుర్తింపు పత్రాల నకళ్లు, స్వగ్రామం చిరునామా, పనిచేసే చోటు వివరాలు తీసుకొని పోలీసు స్టేషనులో అందజేయడం ఈ రోజుల్లో మానరాదు. జిల్లా యంత్రాంగం ఇందుకు ఉత్తర్వు జారీ చేసి ఉన్న సమయంలో దానిని ఉల్లంఘించిన యజమానిపైనే కేసు రావచ్చు.

ఖాళీ గది ఖరీదు

అద్దెకు వచ్చేవారి తీరు కూడా మారింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల శిక్షణకు భిలాయికి చాలా కాలంగా పేరు. శిక్షణ కోసం వచ్చే పిల్లలు, వారి వెంట వచ్చి వంట చేసిపెట్టే తల్లులు ఒక వర్గం. 2016లో మొదలై, 2023లో దుర్గ్ జిల్లా కుటేలాభాటాలోని సొంత ప్రాంగణానికి చేరిన ఐఐటీ, ఇతర విద్యాసంస్థలలో పనిచేసే చిన్న ఉద్యోగులు మరో వర్గం. కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగుల సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతూ, కాంట్రాక్టు కార్మికులు పెరగడంతో వారు మూడవ వర్గం. కంపెనీ క్వార్టరు దొరకని ఈ మూడవ వర్గమే నేడు సుపేలా, ఖుర్సీపార్, జాముల్ వంటి చోట్ల గదులు నింపుతున్నది.

విద్యార్థులు వేసవిలో ఖాళీ చేస్తారు. జూన్ వరకు గది మూతపడి ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడు పని ముగిస్తే వెళ్లిపోతాడు. ఇక్కడ చాలామంది యజమానులు వేసే లెక్క తప్పు. నెలకు 6,000 అద్దె ఇచ్చే కుటుంబాన్ని 600 పెంచమని పట్టుబట్టి పంపివేశారనుకుందాం. పెంపు వల్ల ఏడాదికి వచ్చేది 7,200. గది ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 6,600. దానికి సున్నం, చిన్న మరమ్మతు, దళారి కమీషను కలిపితే ఆ ఏడాది యజమానికి మిగిలేది నష్టమే. వేళకు అద్దె ఇచ్చే మనిషిని నిలుపుకోవడం కోసం రెండు మూడు వందలు వదులుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఎంత పెంచేదీ, ఎప్పుడు పెంచేదీ మొదటి కాగితంలోనే ఉంటే ప్రతి ఏడాదీ ఈ బేరం ఉండదు.

ఆదాయపు పన్ను గురించి భయపడేవారే ఎక్కువ, లెక్క వేసి చూసేవారు తక్కువ. నెలకు 8,000 చొప్పున ఏడాదికి 96,000 అద్దె వచ్చిందనుకుంటే, యజమాని ఆ ఏడాది చెల్లించిన ఇంటి పన్ను, ఉదాహరణకు 3,000, మొదట తీసివేస్తారు. మిగిలిన 93,000లో 30 శాతం, అంటే 27,900, మరమ్మతులు చేయించినా చేయించకపోయినా మినహాయింపు. పన్ను లెక్కలోకి వచ్చేది 65,100 మాత్రమే. మిగతా ఆదాయంతో కలిపి చూస్తే చాలామంది పింఛనుదారులు పన్ను పరిధిలోకే రారు. దాచిపెట్టడంలోనే ప్రమాదం. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటిన చోట, అద్దె భత్యంపై మినహాయింపు కోరే ఉద్యోగి యజమాని పాన్ నంబరును తన కార్యాలయానికి ఇవ్వవలసి ఉంటుంది. అద్దె సంగతి ఆ దారిన పన్నుల శాఖకు చేరుతుంది.

తాళం వేస్తే తలనొప్పి

అద్దె ఇవ్వని, ఖాళీ చేయని అద్దెదారు విషయంలో సహనం కోల్పోయిన యజమాని మొదట చేసే పని కరెంటు ఫ్యూజు పీకడం, నీళ్లు ఆపడం, మనిషి బయటకు వెళ్లినప్పుడు గదికి తన తాళం వేయడం. ఇవి మూడూ అద్దెదారు చేతికి ఆయుధం అందించే పనులు. అత్యవసర సౌకర్యాలను నిలిపివేయడాన్ని అద్దె చట్టాలు అనుమతించవు. చట్టప్రకారం కాక బలవంతంగా ఖాళీ చేయించిన పక్షంలో, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కింద ఆరు నెలల లోపు దావా వేసి అద్దెదారు తిరిగి స్వాధీనం పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఎవరు స్వాధీనంలో ఉన్నారు, వారిని ఎలా తొలగించారు అన్నదే చూస్తారు. అద్దె బాకీ ఎగవేసినవాడు బాధితుడుగా మారి, ఇల్లు కట్టిన పెద్దాయన పోలీసు స్టేషనులో సంజాయిషీ చెప్పుకొనే పరిస్థితి ఇలాగే వస్తుంది.

2011 చట్టం యజమానికి ఇచ్చిన ముఖ్యమైన వెసులుబాటు ఒకటి చాలామందికి తెలియదు. కారణం చెప్పనవసరం లేకుండా ఆరు నెలల లిఖితపూర్వక నోటీసు ఇచ్చి ఇంటిని తిరిగి కోరవచ్చు. అయితే ఆ తరువాత పన్నెండు నెలల పాటు ఆ ఇంటిని అంతకంటె ఎక్కువ అద్దెకు ఇవ్వరాదు. తన నివాసానికి ఇల్లు కావాలనే భర్తను కోల్పోయిన స్త్రీలు, ప్రభుత్వ సర్వీసులో ఉన్నవారు, విశ్రాంత ప్రభుత్వోద్యోగులు వంటి కొన్ని వర్గాలకు నోటీసు గడువు ఒక నెలే. ఇక్కడ ఉక్కు కార్మికులు గమనించవలసిన సూక్ష్మం ఉన్నది. పాత మధ్యప్రదేశ్ చట్టానికి 1980లలో చేసిన సవరణలు, ప్రభుత్వ యాజమాన్యంలోని కంపెనీల విశ్రాంత ఉద్యోగులను కూడా ప్రత్యేక యజమానుల వర్గంలో పేరు పెట్టి చేర్చాయి. సివిలు కోర్టు దావాతో పనిలేకుండా అద్దె నియంత్రణాధికారి వద్దనే వారు ఇల్లు కోరగలిగేవారు. ఆ పాత మాటను నమ్ముకొని నేడు నెల నోటీసు పంపి, అది చెల్లకపోతే ఆరు నెలలు వృథా అవుతాయి. ఏ వర్గం కిందికి తాము వస్తామన్నది నోటీసు రాయక ముందే న్యాయవాది వద్ద తేల్చుకోవడం మేలు.

నోటీసును స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందిన ఆధారం భద్రపరచాలి. నోటీసు గడువు ముగిసిన తరువాత అద్దెదారు యథావిధిగా డబ్బు జమచేస్తూ ఉంటే మారుమాట్లాడక పుచ్చుకోవడం కూడా చిక్కే. కౌలును కొనసాగించడానికి యజమాని సమ్మతించాడని అవతలివారు వాదించవచ్చు. ఆ సొమ్మును వాడకపు పరిహారంగా మాత్రమే స్వీకరిస్తున్నట్లు రాసి తెలియపరచాలి.

ఇక పన్నెండేళ్ల భయం. పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే అద్దెదారుకు ఇల్లు దక్కుతుందన్న మాట భిలాయిలోనూ, శ్రీకాకుళంలోనూ ఒకే తీరున వినిపిస్తుంది. ఆ భయంతోనే మంచి అద్దెదారులను పదేళ్లకు పంపివేసేవారు ఉన్నారు. యజమాని అనుమతితో, అద్దె చెల్లిస్తూ ఉన్న మనిషి ఎన్నేళ్లు ఉన్నా అద్దెదారే. అద్దెకు చేరేనాటికి యజమాని హక్కును ఒప్పుకున్నవాడు, అద్దెదారుగా ఉన్నంత కాలం ఆ హక్కును కాదనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. అసలు ప్రమాదం మరోచోట ఉన్నది. అద్దె తీసుకోక, కాగితం లేక, కౌలు ముగిసినా పట్టించుకోక, ఇంటి పన్ను సైతం అవతలివాడే కడుతుంటే ఊరకున్న యజమాని, తన అనుమతితోనే అతడు ఉన్నాడని రుజువు చేసుకోలేని స్థితికి చేరతాడు. కౌలు ముగిసిన నాటి నుంచి స్వాధీనం కోరేందుకు కాలపరిమితి చట్టం ఇచ్చే వ్యవధి పన్నెండేళ్లు. ఊళ్లో చెప్పుకొనే పన్నెండేళ్ల మాటకు మూలం ఇక్కడ ఉన్నది. ఏటా కాగితం తిరగరాసి, నెలనెలా రసీదు ఇచ్చే యజమాని ఇందుకు భయపడనక్కరలేదు.

పిల్లలు దూరాన ఉంటే

భార్యాభర్తలలో ఒకరు పోయిన తరువాత మిగిలినవారు పిల్లల దగ్గరికి వెళ్లిపోతారు. ఇల్లు అద్దెదారు చేతిలోనో, పక్కింటి వారి కనుసన్నలలోనో ఉంటుంది. 2024 సెప్టెంబరులో దుర్గ్ - విశాఖపట్నం వందే భారత్ రైలు మొదలైన తరువాత విశాఖ వెళ్లినవారు ఏడాదికి రెండు సార్లయినా వచ్చి చూసుకోవడం సులువైంది. అయినా మరమ్మతు చేయించడానికి, నోటీసు అందుకోవడానికి, మున్సిపల్ కార్యాలయంలో సంతకం చేయడానికి స్థానికంగా ఒక మనిషి అవసరం. ఆ మనిషికి ఇచ్చే అధికార పత్రంలో అద్దె వసూలు, మరమ్మతు, అద్దె వివాదంలో హాజరు వరకే అధికారం ఇవ్వాలి. అమ్మకపు అధికారం కూడా కలిపి రాసిన పత్రంపై తొందరలో సంతకం పెట్టరాదు.

తండ్రి పేరున ఉన్న ఇల్లు తల్లి పేరనో, వారసులందరి పేరనో మార్పించకుండా వదిలివేస్తే, అద్దె ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నతో అద్దెదారు ఆపివేసే అవకాశం ఉన్నది. అన్నదమ్ములలో ఇద్దరు ఇద్దరుగా అద్దె అడిగితే అతడిని తప్పు పట్టలేము. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలతో పేరు మార్పు పూర్తి చేసి, ఇక మీదట అద్దె ఏ ఖాతాలో వేయాలో అందరి సంతకాలతో అద్దెదారుకు ఒక ఉత్తరం ఇవ్వాలి.

ఇల్లు అమెరికాలో స్థిరపడిన కుమారుడి పేరుకు మారిన పక్షంలో మరో నిబంధన తోడవుతుంది. ప్రవాస యజమానికి చెల్లించే అద్దె నుంచి, మొత్తం ఎంత చిన్నదైనా, అద్దెదారే 30 శాతం పన్ను, దానిపై సెస్సు మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. స్వదేశంలోని యజమానికి ఉండే నెలకు 50,000 రూపాయల పరిమితి ఇక్కడ వర్తించదు. ఆరు వేల అద్దె ఇచ్చే కాంట్రాక్టు కార్మికుడికి ఈ తతంగం తెలిసే అవకాశం లేదు, చేయగలిగే శక్తి అసలే లేదు. ఎక్కువగా కోసిన పన్నును కుమారుడు రిటర్ను దాఖలు చేసి వాపసు పొందవచ్చు గానీ, కోయనందుకు బాధ్యుడయ్యేది అద్దెదారు. ఈ కారణంగా తల్లి జీవించి ఉన్నంత కాలం ఇల్లు, అద్దె ఆమె పేరుననే ఉంచుకొంటున్న కుటుంబాలు ఉన్నాయి. రిసాలిలోని గది అద్దె అప్పుడు నేరుగా విశాఖలో ఆమె పాసుపుస్తకంలో పడుతుంది.